బీరువాలో పిల్లల చదువులు

మా కంపెనీలో పెద్దాయన మారాడన్న సంగతి మాకు ముందుగా మెడలో తాడు చెప్పేది. గుర్తింపు కార్డు వేలాడదీసుకునే ఆ తాడు నేను చేరినప్పుడు నీలం రంగు. చలికాలం పోయేసరికి నారింజ అయింది. వానలు పడేసరికి ఆకుపచ్చ అయింది. పాత తాళ్లు ఇంటికి తెచ్చి గోడ మేకుకు తగిలిస్తే మా ఆవిడ చూసి, "ఆడదానికి ఒక్క తాడే కడతారు. మీకేటండీ, ఏడాదిలో మూడు కట్టీసినారు," అంది. నాకు ఒళ్లు మండింది గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. కంపెనీ పేరు రాద్దామన్నా ఏ పేరని రాయను? అదీ మారుతూనే ఉండేది. బోర్డులు రాసే పెయింటరు మా మెట్ల మీద కనబడితే చాలు, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

నేను పని నేర్చుకున్నది జూట్ మిల్లులో. టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, పర్సనెల్ ఆఫీసరుగా రిటైరయ్యాను. మిల్లు స్వర్గమని చెప్పను. గొడవలు, సమ్మెలు, గేటు ముందు టెంట్లు అన్నీ చూశాను. కాని అక్కడ మంచైనా చెడైనా కంటికి కనిపించేది. యార్డులో గోగునార బేళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, పని ఇంకెన్నాళ్లుంటుందో ఊడ్చే మనిషి కూడా చెప్పగలిగేది. కంప్యూటర్ల కంపెనీలో ఏం చూసి చెప్పాలో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోమన్నారు అందరూ. కూర్చోలేకపోయాను. అరుగు మీద కాసేపు, గేటు దగ్గర కాసేపు, కొళాయి వచ్చిందా లేదా అని కాసేపు, ఇలా తిరుగుతూనే ఉండేవాణ్ణి. మా ఆవిడ పడలేక, "ఎక్కడికైనా ఎల్లి కూకోండి బాబూ, నా కాళ్లకడ్డం పడకండి," అంది. అదే రోజుల్లో విజయనగరంలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ తెరిచారు. ఆఫీసు చూసుకోవడానికి అనుభవం ఉన్న పెద్దమనిషి కావాలన్నారు. వెళ్లి చేరాను.

బట్టల కొట్టు మీద మేడ. వరసల్లో కంప్యూటర్లు, వాటి ముందు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన నలభై మంది దాకా పిల్లలు. చిన్న ఆసుపత్రులకు, రక్తపరీక్షల ల్యాబులకు బిల్లులు వేసే ప్రోగ్రాము మా సరుకు. రాజాంలోనో, పాలకొండలోనో, టెక్కలిలోనో అది మొరాయిస్తే మాకు ఫోన్ చేస్తారు, మా వాళ్లు ఇక్కడి నుంచి సరిచేస్తారు. అంతే పని. ఆ పని మా పిల్లలు బాగానే చేసేవారు. మా మీద కూర్చున్న వాళ్లకే కుదురు లేదు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి గురించే ఈ కబురంతా. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపల గంప ఎత్తుతుంది. ఆ ఇంట్లో డిగ్రీ, బీఎడ్ చదివిన మొదటి మనిషి ఈ పిల్ల. హాస్టల్లో ఉండి మా దగ్గర పని చేసేది. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి పేరు పెట్టి ఈమెనే ఇమ్మనేవారు. "కంగారు పడకండి. తెర మీద ఏటి కనబడతన్నాదో అది సదవండి, సాలు," అనేది. అటుపక్క నర్సమ్మకు సగం భయం అక్కడే పోయేది.

మా మొదటి పెద్దాయన, అంటే కంపెనీ పెట్టిన కుర్రాడు, మనిషి మంచివాడే. ఉదయం చెప్పింది సాయంత్రానికి మర్చిపోతాడు, అదొక్కటే లోపం. సోమవారం ఆసుపత్రులన్నాడు. వారం తిరక్కుండా బడుల ఫీజులు వేసే ప్రోగ్రాము చేద్దామన్నాడు. సగం మందిని అటు కూర్చోబెట్టి, మళ్లీ ఇటు తెచ్చి, కుర్చీలు జరిపించీ జరిపించీ నేల మీద గీతలు పడ్డాయి. నేను చేరక ముందే ఆయనకెవరో చెప్పారట, ఇక్కడి పిల్లలు పని నేర్చుకుని పారిపోతారని. దాంతో ఒక్కొక్కరి దగ్గరా పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను చేరిన రోజునే అడిగాను, జెరాక్సులు చాలవా బాబూ అని. "ఇండస్ట్రీలో ఇదే పద్ధతి అంకుల్," అన్నాడు. ఆ ఇండస్ట్రీ నాకు కొత్త. మాట్లాడకుండా ఊరుకున్నాను.

తర్వాత డబ్బు పెట్టినవాళ్లు ఆయన్ని పక్కకు జరిపి తమ మనిషిని పంపారు. నారింజ తాళ్ల కాలం అదే. ఈ రెండో ఆయన వచ్చీరాగానే బీరువా తాళం అడిగి తీసుకుని తన సంచిలో వేసుకున్నాడు. ఫోన్లో 'ఏటి' అన్న మాట వినబడకూడదని గోడకు కాగితం అంటించాడు. ఎలా మాట్లాడాలో వాక్యాలు రాయించి ఇచ్చాడు. మా పిల్ల అవి చూసి చదవబోతే ఆసుపత్రి వాళ్లు మధ్యలోనే, "అమ్మా, ఇది రికార్డింగా? ఎవరైనా మనిషికివ్వు," అనేవారు. ఆమె తలెత్తి నాకేసి చూసేది. నేను ఫైళ్లు సర్దుతున్నట్టు నటించేవాణ్ణి.

ఈ గందరగోళంలోనే ఆ పిల్లకు సర్కారు బడిలో టీచరు పోస్టుకు పేరొచ్చింది. శ్రీకాకుళంలో సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మని కబురు పెట్టారు. ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆమె నా బల్ల దగ్గరికొచ్చి ఈ మాట చెప్తుంటే గొంతు వణికింది. సంతోషంతో అనుకున్నాను. భయంతో అని వెంటనే తెలిసింది.

"సార్, బీరువా తీయించండి సార్. ఆ ఒక్కరోజుకి ఇచ్చినా సాలు. సూపించి మల్లీ తెచ్చిచ్చీస్తాను," అంది.

తన చదువు తనకు ఒక్కరోజుకు అప్పివ్వమని బతిమాలుతోంది. దాందేముందమ్మా, ఇప్పిస్తానులే అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ సాయంత్రమే రెండో ఆయన టీ తాగొస్తానని మెట్లు దిగి, మళ్లీ ఎక్కలేదు. పైవాళ్లతో ఫోన్లో మాటామాటా పెరిగిందని తర్వాత తెలిసింది. ఆయన వెళ్లాడు, ఆయన సంచి వెళ్లింది, సంచిలో బీరువా తాళం వెళ్లింది. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తడు.

మొదటి ఆయనకు చేశాను. "నాకిప్పుడు అధికారం లేదంకుల్, నేను సలహాదారుణ్ణి మాత్రమే," అన్నాడు. ఎవరికి సలహా ఇస్తున్నాడో అడగలేదు.

తర్వాత మూడో ఆయన వచ్చాడు. వచ్చాడంటే తెర మీదికి వచ్చాడు. ఆ మనిషిని మేమెవరం కాళ్లతో సహా చూడలేదు. ఎప్పుడూ కారులోనే, ఏదో ఊరికి వెళ్తూనే ఉండేవాడు. బీరువా సంగతి చెప్తే, నోటిమాట కుదరదు, సిస్టంలో కంప్లయింటు పెట్టండి, ప్రాసెస్ ప్రకారం జరుగుతుంది అన్నాడు. పక్క కుర్రాడి చేత పెట్టించాను. ఆ కంప్లయింటు తనంతట తానే వెళ్లి, వెళ్లిపోయిన రెండో ఆయన పేరు మీద పడింది. ఆ పేరుతో మనిషి లేడు కాబట్టి మర్నాడు సిస్టమే దాన్ని మూసేసింది. 'మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవ ఎలా ఉంది' అని నాకు మెసేజ్ వచ్చింది. కింద అయిదు నక్షత్రాలు, ఎన్ని ఇస్తారో నొక్కమని. కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఆమెను చూశాక నాకూ కాలు నిలవలేదు. బీరువా నుంచి కిటికీకి, కిటికీ నుంచి బీరువాకు తిరగడమే పనయింది.

ఇక పరిశీలన దగ్గర పడిందనగా ఓ మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి వచ్చింది. చేపల గంప కింద వాచ్‌మాన్ దగ్గర దించి, పైకొచ్చి నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబూ, నా పిల్ల కాయితాలు నీ కాడున్నాయంట."

"నా దగ్గర కాదమ్మా, బీరువాలో ఉన్నాయి."

"బీరువా ఎక్కడున్నాది?"

వెనక్కి తిరిగి చూపించాను. నా కుర్చీకి ఆనుకునే ఉంది.

"మరి తీసి ఇచ్చీ."

"తాళం లేదమ్మా. తాళం తీసుకున్నాయన వెళ్లిపోయాడు."

"ఎక్కడికెలిపోనాడు?"

"తెలీదు."

ఆమె బీరువా కేసి చూసింది, నాకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆపదొస్తే మేం సెవుల కమ్మలు తాకట్టెడతాం బాబూ. షావుకారు సీటీ రాసిస్తాడు. ఆడు ఊళ్లో నేకపోతే ఆడి కొడుకైనా ఉంటాడు. నా పిల్ల సదువు మీ కాడెట్టింది. సీటీ నేదు, షావుకారు నేడు. ఇదేటి యాపారం బాబూ?" అంది.

ఈలోగా ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, "అమా, నువ్వెందుకొచ్చినావు? సార్నేటి అంటన్నావు?" అని తల్లి చెయ్యి పట్టుకుంది.

"సార్నేటీ అననేదే. ఒసే, ఈ పోస్టు పోతే మల్లీ వస్తాదా?" అంది తల్లి. అని నాకేసి మళ్లీ చూడకుండా మెట్లు దిగిపోయింది. ఆ పూట నేను తెచ్చుకున్న క్యారేజీ విప్పలేదు.

పరిశీలనకు ఒక్కరోజు ముందు పొద్దున్నే మూడో ఆయన నుంచి మెయిలొచ్చింది. ఆఫీసులో పనికిరాని సామాను విశాఖపట్నం గోడౌనుకు పంపాలట, వ్యాను వస్తుందట. పాత కుర్చీలు, చెడిపోయిన బ్యాటరీలు, బీరువా. చదువుతూనే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కిందికి చూస్తే వ్యాను అప్పటికే వచ్చి ఉంది.

అదృష్టం ఏమిటంటే, ఆ ఆఫీసులో నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం గేట్ పాస్ పెట్టడం. మిల్లులో నా సంతకం లేనిదే మేకు కూడా గేటు దాటేది కాదు. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా ఒక పుస్తకం కొన్నాను. పిల్లలు దానికి ఎంత నవ్వుకున్నారో. కాని వాచ్‌మాన్ మాత్రం నమ్మాడు. వ్యాను వాళ్లు బీరువా మీద చెయ్యి వేయబోతే, "గేట్ పాస్ నేకండా కదపడానికి నేదు," అని మెట్లకడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తెర మీద మూడో ఆయన్ని పట్టుకున్నాను. కారులోనే ఉన్నాడు. వెనకాల చెట్లు పరిగెడుతున్నాయి.

"డాక్యుమెంట్లు భద్రంగానే ఉంటాయి. అన్నీ సర్దుకున్నాక ఇస్తాం," అన్నాడు.

"ఎప్పుడు సార్ సర్దుకునేది?"

"దానికో ప్రాసెస్ ఉంది."

"రేపు పొద్దున్న శ్రీకాకుళంలో ఆ అమ్మాయి..."

"చూడండి, ఒకళ్లకిస్తే అందరికీ ఇవ్వాలి. అందరికీ ఇస్తే రేపు ఒక్కడు మిగలడు. కంపెనీ ఉండాలా వద్దా? మీరు సంతకం పెట్టి పంపండి."

కాల్ కట్ చేసేశాడు. నేను కాలు కాలిన పిల్లిలా వరసల మధ్య తిరిగాను. అబద్ధమెందుకు, భయం వేసింది. బీరువా పగలగొడితే దొంగతనమంటారేమో, ఈ వయసులో పోలీసు స్టేషను మెట్లెక్కాలేమో. మిల్లులో ఉన్నన్నాళ్లూ పైవాళ్ల కాగితం లేకుండా నేను ఒక్క తాళం ముట్టలేదు. ఇక్కడ కాగితం ఇచ్చేవాడే లేడు. ఆ పిల్ల తన కుర్చీలో కూర్చుని ఎవరో ల్యాబు వాళ్లతో ఫోన్ మాట్లాడుతోంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో జేబురుమాలు మాత్రం మెలి తిప్పుతూనే ఉంది. అది చూశాక ఇక లాభం లేదనుకున్నాను.

మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పనిమనిషి చనిపోతేనో, చెప్పకుండా పోతేనో అతని పెట్టె తెరవాల్సి వస్తే, టైమ్ ఆఫీసు నుంచి ఒకరు, యూనియన్ నుంచి ఒకరు, అతని పక్క మగ్గం మీద పని చేసినవాడు ఒకరు నిలబడాలి. అందరి ముందూ, పట్టపగలు, ఒక్కొక్క వస్తువు పైకెత్తి పేరు చెప్పి తీయాలి. ఇక్కడా అదే చేద్దామనుకున్నాను. వరసకొకరిని లేచి రమ్మన్నాను. అందరూ వచ్చారు. గంటస్తంభం దగ్గర గొడుగు కింద కూర్చునే తాళాలాయన్ని పిలిపించాను.

ఆయన వచ్చి, బీరువా చుట్టూ తిరిగి, తాళంచెవుల గుత్తి కింద పెట్టేసి కూర్చున్నాడు. "ఎవుల్దిది? యజమాని సెప్పకండా నాను ముట్టను. రేపేటైనా అయితే నా మెడకి సుట్టుకుంటాది."

"కంపెనీది," అన్నాను.

"కంపెనీ అంటే మనిషెవులు?"

మొదటి ఆయన తనది కాదన్నాడు. రెండో ఆయన ఫోనెత్తడు. మూడో ఆయన కారు దిగడు. డబ్బు పెట్టినవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో కూడా నాకు తెలీదు. నలభై మంది నా నోటికేసి చూస్తున్నారు, నా దగ్గర ఒక్క పేరు లేదు.

అప్పుడా పిల్ల ముందుకొచ్చింది. "బీరువా ఎవులిదో మాకూ తెల్దు బాబాయ్. లోపలున్నవి మావి," అంది.

తాళాలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏటున్నాయి లోపల?"

"మా సదువులు."

ఇంకేమీ అడక్కుండా ఆయన తీగ తీశాడు. వ్యాను డ్రైవరు కూడా పైకొచ్చి చూస్తూ నిలబడ్డాడు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. నేను ఒక్కొక్క కవరూ పైకెత్తి పేరు చదివాను, ఒక్కొక్కరూ వచ్చి తీసుకున్నారు. మా పిల్ల తన కవరు విప్పి అన్నీ ఉన్నాయో లేవో చూసుకుంది. చూసుకుని రెండు కళ్లకూ అద్దుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ అద్దుకున్నారు. ఆ తర్వాత గేట్ పాస్ పుస్తకం తీసి 'ఖాళీ బీరువా ఒకటి' అని రాసి సంతకం పెట్టి, తీసుకుపొమ్మన్నాను.

సాయంత్రానికి మూడో ఆయనకు తెలిసింది. తెర మీద మొహం ఎర్రగా ఉంది. "రేపు ఒక్కడు రాడు, చూడండి. కంపెనీని మీరే మూశారు," అన్నాడు. ఇంటికి వెళ్లానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన చెప్పింది నిజమైతే? ఒక పిల్ల కోసం మిగతావాళ్ల నోటి దగ్గర కూడు తీసేశానా? మా ఆవిడ కంచం పెట్టి, "కూకుని తినండి, నిలబడి తింటే అరగదు," అంటే గానీ నేను నిలబడి ఉన్నట్టు నాకు తెలియలేదు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి తలుపు తీశాను. మెట్ల మీద చప్పుడైతే లేచి చూడటం, మళ్లీ కూర్చోవడం. మొదట ఇద్దరు వచ్చారు. తర్వాత గుంపుగా వచ్చారు. అందరూ వచ్చారు. మెడలో ఆకుపచ్చ తాళ్లు వేసుకుని, నీళ్ల సీసాలు పెట్టుకుని, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. శ్రీకాకుళం వెళ్లిన ఆ పిల్ల కుర్చీ ఒక్కటే ఖాళీ. వీళ్లను కట్టేయడానికి బీరువా ఎందుకయ్యా అని ఆ మూడో ఆయన్ని పిలిచి చూపిద్దామనిపించింది.

పిలిస్తే పలకలేదు. కంప్యూటర్లు తెరిస్తే ఒక్కరి పాస్‌వర్డూ పని చేయలేదు. మొదట మొదటి వరస వాళ్లు చేతులెత్తారు, తర్వాత రెండో వరస. కాసేపటికి అందరి ఫోన్లలోనూ ఒకటే మెసేజ్ పడింది. విజయనగరం కేంద్రాన్ని మూసేశామని, మీ భవిష్యత్తు బాగుండాలని. అది రాత్రికి రాత్రి తీసుకున్న నిర్ణయం కాదని, వ్యాను పంపే ముందే అయిపోయిందని తర్వాత తెలిసింది. మనుషులు రారని ఆయన నన్ను భయపెట్టాడు. వచ్చిన మనుషులకు కంపెనీయే రాలేదు.

పిల్లలు ఇళ్లకు వెళ్లలేదు. ఎటు వెళ్లాలో తెలియక కూర్చున్నారు. ఆసుపత్రుల ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి, తెరలు లేకపోయినా వీళ్లు ఎత్తి గుర్తున్నది చెప్తూనే ఉన్నారు. గోడ మీద కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసంతా ఏటండీ, సూడండీ అని వినబడుతోంది.

మధ్యాహ్నం దాటాక ఆ పిల్ల వచ్చింది. బస్సు దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చింది, సాయంత్రం దాకా పని చూసుకుందామని. మూసేశారని ఎవరో చెప్తే నమ్మక, తన కంప్యూటరు రెండుసార్లు నొక్కి చూసుకుని, నా బల్ల దగ్గరికొచ్చింది.

"అయిందా అమ్మా?" అన్నాను.

"అయిపోనాది సార్. అన్నీ సరిపోనాయంట. పోస్టు నాకే."

"కాగితాలు జాగ్రత్తగా తెచ్చుకున్నావా మరి?"

ఆమె కవరు గుండెకు ఆనించుకుని నవ్వింది. "అదే సెప్తన్నాను సార్. ఆళ్లు అన్నీ సూసినారు, సంతకం ఎట్టించుకున్నారు, ఇంక ఎల్లమ్మా అన్నారు. నేను లెగిసి వచ్చీసినాను. గుమ్మం కాడికొచ్చీసరికి ఎనక నుంచి ఆ మేడం కేకేసింది, ఏటమ్మా, నీ ఒరిజినల్స్ ఇక్కడొగ్గీసి ఎలిపోతన్నావు అని. ఆళ్లు ఉంచీసుకుంటారనుకున్నాను సార్. ఉద్యోగం ఇచ్చినోళ్లు ఉంచుకుంటారు గదా."

వరసల్లో పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు మాదే మొదటి ఉద్యోగం.